ముందు వైరును అనుమానించుమన్న ఉస్తాద్

మా ఉస్తాద్ పోయిండు. మొన్న బుధవారం పొద్దుగాల మహబూబాబాద్ దవాఖానల పానం ఇడిసిండు. ఆయన బిడ్డ ఆడనే నర్సు. ఆమెనే ఫోన్ చేసింది. నేను అప్పుడు దేవరుప్పుల దగ్గర ఒక నిశ్చితార్థంల డీసీఎం బండికెల్లి సౌండు బాక్సులు దించుతున్న. "అన్నా, బాపు పోయిండు" అన్నది, ఇంకేం అనలే.  బాక్సు సగం దిగి ఉన్నది. దాన్ని కింద పెట్టాల్నా, మళ్ల బండ్ల పెట్టాల్నా నాకు సమజ్ కాలే. అవుతలి కొస పట్టుకున్నది మా తమ్ముడు. "ఏమైందన్నా?" అన్నడు. "ఉస్తాద్" అన్న. వాడు మెల్లగ బాక్సును కిందికి దించి దాని మీదనే కూసున్నడు. ఇంకో డీజే సెట్టాయనకు ఫోన్ చేసి మా జాగల రమ్మని, ఇద్దరం మోటర్ సైకిల్ మీద బయలెల్లినం.

నాకు డీజే సెట్టు ఉన్నది. మీరు పెండ్లిల్లల్ల దుంకుతుంటే పాట ఏసేది నా అసుంటోళ్లే. పాట ఆగితే మీరు మమ్ముల తిడ్తరు. మేం పోయి ఉస్తాద్ ముందట కూసుంటం. జనగామ బస్టాండు ఎనుక సందుల, ఒక బిల్డింగు మెట్ల కింద ఆయన దుకాణం. బోర్డు లేదు. మొదట్ల రేడియోలు బాగుచేసేటోడు, తర్వాత మైకు సెట్లు, ఇగ డీజేలు వచ్చినంక మిక్సర్లు. ఆయన పేరు నేనిక్కడ రాస్తలేను. మేమెవ్వరం ఆయన్ని పేరువెట్టి పిలువలే, పోయినంక పిలుసుడెందుకు.

బతుకంత మైకుల నడుమ ఉండి ఆయన కుడి చెవు పురాగ పోయింది, ఎడమది సగం పోయింది. చెవులు లేని మనిషి సౌండు ఎట్ల బాగుచేస్తడని మీరనుకుంటరు. మొదటిసారి పోయినప్పుడు నేను నోరు జారి అడిగిన సుత. ఆయనకు కోపం రాలే. ఒక పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకొని, దాని మొన స్పీకర్ బాక్సుకు ఆనిచ్చి, కట్టె పిడిని పండ్ల నడుమ పట్టుకున్నడు. కండ్లు మూసుకొని జరసేపు ఇన్నడు. అటెన్క పిడి నోట్లకెల్లి తీసి, "దవడతోని ఇంటున్న బిడ్డా. గింత మందమే ఇనొస్తది. మిగిలింది నువ్వు ఇని చెప్పాలె" అన్నడు.

అందుకే ఆయన మిషన్ ఒక్కదాన్ని తీసుకునేటోడు కాదు. "గీడ పెట్టి పోత, పొద్దుమీకి వస్త" అంటే ఒప్పుకోకపోయేటోడు. "నువ్వు పోతే నాకెవలు చెప్పాలె? గూసో" అని స్టూలు జరిపేటోడు. ఎంత పెద్ద డీజే అయినా ఆ స్టూలు మీద కూసోవాల్సిందే. ఇప్పిన స్క్రూలను ఇడ్లీ ప్లేటు గుంతలల్ల వరుసగ పెట్టేటోడు, మొదట ఇప్పింది మొదటి గుంతల, ఆఖరిది ఆఖరి గుంతల. ఆయన యేసు ప్రభువును మొక్కేటోడు. ఏ మిషన్ ఇప్పాలన్నా ముందు ఒక్క నిమిషం కండ్లు మూసుకునేటోడు. ఆ నిమిషం మేం సుత నోరు మూసుకొని ఉండేటోళ్లం, ఫోన్ మోగితే కట్ చేసేటోళ్లం.

ఆయన మాటలు తక్కువ. ఉన్నయే రెండు మూడు, అవే మళ్ల మళ్ల చెప్పేటోడు. "గరగర అంటుందంటే బయటికెల్లి ఏదో లోపలికి వోయింది. మొత్తానికే సప్పుడు లేదంటే లోపల ఏదో తెగింది." ఇదొకటి. ఇంకోటి, మేం పోంగనే ఎవని మీదనో ఒకని మీద చెప్పేటోళ్లం గద, డ్రైవర్ పడేసిండని, ఆపరేటర్ గుంజిండని, అప్పుడు అనేటోడు: "ముందు వైరును అనుమానించు. అటెన్క మిషన్ను. మనిషిని ఆఖరికి."

ఈ మాట నాకు ఎందుకు గుచ్చుకుంటదో చెప్పాలంటే బయ్యారం పెండ్లి ముచ్చట చెప్పాలె. చెప్తే నాకే సిగ్గు. గని అది చెప్పకుండ ఆయన గురించి ఎంత రాసినా దండుగ.

మా దిక్కు దసరాకు ఎవల పనిముట్లకు వాళ్లు పూజ చేసుకుంటరు. ట్రాక్టర్ ఉన్నోళ్లు ట్రాక్టరుకు, మా ఆమె కుట్టుమిషనుకు, నేను మిక్సరుకు. ఆ ఏడాది పాత సెట్టు మార్చి కొత్తది తెచ్చిన, నా భక్తి సుత జర ఎక్కువనే ఉండె. ప్రతి బటన్‌కు పసుపు పెట్టిన, కుంకుమ పెట్టిన. మిక్సరు చూడనోళ్ల కోసం ఒక్క ముక్క చెప్త. దాని కింది భాగంల అడ్డంగ జరిగే చిన్న మీట ఉంటది, క్రాస్‌ఫేడర్ అంటరు. ఎడమకు జరిపితే ఎడమ దిక్కు పాట, కుడికి జరిపితే కుడి దిక్కు పాట, నడుమ పెడితే రెండు. మా పనికి అదే పానం. అందుకని దానికి అన్నిటికన్న ఎక్కువ కుంకుమ, మూడు వేళ్లతోని మంచిగ దట్టిచ్చిన. అది జరిగే సందు నోరు తెరుసుకొని ఉంటదన్న సోయి నాకు లేదు.

పది దినాలకు ఆ మీట గరగర అనవట్టింది. మా ఆమె కుట్టుమిషన్ నూనె డబ్బకు సన్న మూతి ఉంటది. ఆ మూతి సందుల పెట్టి నాలుగు సుక్కలు పోసిన. గరగర పోయింది. నా అంత తెలివిగలోడు లేడనుకున్న. ఈ సంగతి ఎవ్వరికి చెప్పలే, మిక్సరు మీద కూసునే మా తమ్మునికి సుత చెప్పలే.

ఆ నెలనే బయ్యారంల పెండ్లి. పొద్దున పదకొండింటికి ఎదుర్కోళ్లు. పిల్లగాని దిక్కోళ్లు ఊరి బయట దిగితే, పిల్ల దిక్కోళ్లు ఎదురువోయి తోలుకొస్తరు గద, ఆ నడుమనే అసలు దుంకుడంత. ఇటోళ్లొక పాట అడుగుతరు, అటోళ్లొక పాట అడుగుతరు. ఇద్దరికి నడుమ ఆ మీట జరుపుకుంట మా తమ్ముడు డీసీఎం మీద ఉన్నడు. ఉన్నట్టుండి రెండు పాటలు ఒక్కటేసారి రావట్టినయి. కుడికి జరిపితే ఎడమది బందైతలేదు. ఎడమకు జరిపితే సప్పుడే లేదు. పిల్లగాని పాట నడుమ పిల్ల దిక్కోళ్ల పాట వచ్చి పడవట్టింది. పిల్లగాని మేనమామ బండి కాడికొచ్చి, "ఏందిరా, మమ్ముల ఎక్కిరిస్తుండ్రా?" అన్నడు. ఇటోళ్లు అటోళ్లను నూకిండ్రు, అటోళ్లు ఇటోళ్లను నూకిండ్రు. పెద్దమనుషులు అడ్డంవడ్డరు.

నేను బండి ఎక్కిన. "అన్నా, మీట పనిచేస్తలేదే" అని మా తమ్ముడు అంటనే ఉన్నడు. నేను ఇనలే. "తాగినవారా?" అని, అందరు చూస్తుండంగ వాని చెంప మీద కొట్టిన. వాడు నా దిక్కు సుత చూడలే. హెడ్‌ఫోన్ తీసి, దాని వైరు సుట్ట సుట్టి, మిక్సర్ పక్కన పెట్టి బండి దిగిపోయిండు. వాడు తాగలే. వాడు తాగనే తాగడు. కొట్టేటప్పుడు సుత ఆ సంగతి నాకు తెలుసు.

తెల్లారి వాడు భూపాలపల్లి పోయిండు. ఆడ బొగ్గు లారీల మీద క్లీనర్‌గ కుదిరిండని ఎవలో చెప్పిండ్రు. మా అవ్వ నాతోని మాట్లాడుడు బందు చేసింది. అన్నం పెడ్తది, గిన్నె దించి పోతది, అంతే. ఇంట్ల పరేషాన్, బయట పెండ్లిల్ల సీజను. మిక్సర్ పట్టుకొని ఉస్తాద్ కాడికి ఉరికిన.

స్టూలు మీద కూసున్న. ఆయన కండ్లు మూసుకున్నడు, తెరిసిండు, ముందుగాల వైర్లు పట్టిండు. ఒక్కొక్క వైరును మార్చి చూసిండు. అటెన్క ఎడమ వైరును కుడికి, కుడి వైరును ఎడమకు ఏసిండు. "ఇప్పుడెట్ల ఉంది?" అంటే "గట్లనే ఉంది ఉస్తాద్" అన్న. "అయితే వైర్లల్ల లేదు, పాటలల్ల లేదు" అన్నడు. మిక్సర్ మూత ఇప్పి, ఆ అడ్డం మీటకు వోయే చిన్న ప్లగ్గును గుంజిండు. రెండు పాటలు నీళ్ల లెక్క సాఫుగ వచ్చినయి. "దొరికింది" అన్నడు.

నాకు ఆడికే సాలనిపిచ్చింది గని ఆయనకు సాలదు. ముల్లు మీటరు తీసి దాని రెండు తీగలు మీట కాళ్లకు పెట్టిండు. "నువ్వు మెల్లగ జరుపు, నేను ముల్లును చూస్త" అన్నడు. మంచి మీటైతే ముల్లు ఒక్క తీరుగ ఎక్కాలె. ఇది సగం దాక ఎక్కింది, దబ్బున పడ్డది, మళ్ల ఎగిరింది. "గీడ తినేసింది" అన్నడు. మీటను ఊడదీసి, దాని రేకును చాకు మొనతోని లేపిండు. లోపల ఎర్రటి ముద్ద. పసుపు, కుంకుమ, నూనె కలిసి పచ్చడైనయి. దాన్ని ఏలికి అంటిచ్చుకొని వాసన చూసిండు.

"నూనె ఎవలు పోసిండ్రు బిడ్డా?"

"మా తమ్ముడు పోసిండేమో, ఉస్తాద్."

ఆ మాట నోట్లకెల్లి ఎట్ల వచ్చిందో ఇప్పటికి తెల్వదు. తెల్వదన్నది సుత అబద్ధమే. కొట్టినంక, కొట్టినందుకు ఒక కారణం కావాలె గద. ఆ కారణం నాకు ఆడ దొరికింది, పట్టుకున్న.

ఆయన నన్ను చూసిండు. పాడైన మీటను ఇడ్లీ ప్లేటు ఆఖరి గుంతల పెట్టిండు. "కుంకుమ పెట్టుకో, నేను ఒద్దన" అన్నడు. "మీ పని మీద మీకు భక్తి ఉండాలె. గని నుదుటికి పెట్టు, నోట్ల పెట్టకు." నేను తలకాయ ఊపిన. "కొత్త మీట హైదరాబాద్‌కెల్లి తెప్పిస్త. నాలుగు దినాలైతది. వచ్చేటప్పుడు నూనె పోసినోన్ని తోలుకరా" అన్నడు.

"వాడు భూపాలపల్లిల ఉన్నడు, ఉస్తాద్."

"భూపాలపల్లికి బస్సులు లేవా?"

సీజను ఉందని, మూడు పెండ్లిల్లకు మాటిచ్చిననని మొత్తుకున్న. ఆయన చెవు పనిచేయనట్టే కూసున్నడు. ఆయనకు పనికొచ్చినప్పుడు ఆ చెవులు అట్ల పురాగ పోయేటియి.

నాలుగో దినం భూపాలపల్లి పోయిన. లారీల అడ్డా కాడ మా తమ్ముడు టైరుకు గాలి కొట్టిస్తుండె. మొకమంత బొగ్గు దుమ్ము, కండ్లు మాత్రం తెల్లగ. నన్ను చూసి పని ఆపలే. "ఉస్తాద్ రమ్మన్నడురా" అన్న. "ఎందుకు?" అన్నడు. "కొత్త మీట బిగించాలెనట, ఇద్దరు ఉండాలెనట." వాడు లేసి నిలబడ్డడు. "నువ్వు రమ్మంటున్నవా, ఉస్తాద్ రమ్మన్నడా?" అని అడిగిండు. ఆడ నేను ఒక్క మాట అంటే ఒడిసిపోయేది. "ఉస్తాదే" అన్న. వాడు డ్రమ్ముల నీళ్లతోని మొకం కడుక్కొని, ఆయన మీద గౌరవంతోని బండెక్కిండు.

దుకాణంల ఉస్తాద్ నన్ను ఏమడగలే, వాన్ని ఏమడగలే. వాన్ని బల్ల ముందట కూసుండవెట్టి స్క్రూడ్రైవర్ చేతికిచ్చిండు. కొత్త మీట ఎటు దిక్కు ఎటు ఉండాలెనో గోర్ల రంగుతోని ఎర్ర సుక్క పెట్టి చూపిచ్చిండు. ప్లగ్గు పెట్టిచ్చిండు, రెండు స్క్రూలు బిగిపిచ్చిండు. "గట్టిగ తిప్పకు, అది కూసున్నంక ఇడిసిపెట్టు" అన్నడు. మళ్ల నా దిక్కు తిరిగి, "నువ్వు గోడ దిక్కు మొకం పెట్టు. తమ్ముడు జరుపుతడు. ఎడమ పాట ఎప్పుడు బందైతే అప్పుడు చెయ్యెత్తు. ఎనుకకు చూడకు" అన్నడు.

గోడ దిక్కు తిరిగి ఇన్న. ఎడమ పాట సన్నగైంది, ఇంకా సన్నగైంది, లేకుండ పోయింది. చెయ్యెత్తిన. మళ్ల వచ్చింది, మళ్ల పోయింది. ఒక్క గరగర లేదు. ఎన్నిసార్లు చేపిచ్చిండో లెక్క లేదు. మా తమ్ముడు అంత నిమ్మళంగ జరుపుతడని, పాటను అంత పైలంగ దించుతడని నాకు అప్పటిదాక తెల్వదు. నాలుగేండ్లు వాని పక్కనే నిలబడ్డ, బాక్సులు లెక్కవెట్టుకున్న గని వాని పని ఎన్నడు ఇనలే. గోడ ముందట నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ పిడి పండ్లకు పట్టుకొని ఉన్నడు గావొచ్చు, ఆయన సప్పుడు లేదు.

అటెన్క నన్ను చాయ్‌కి పంపిండు. నేను తెచ్చేసరికి ఇద్దరు బల్ల కాడ ఉత్తగ కూసోని ఉన్నరు. మేం లేసి పోతుంటే ఆయన నా భుజం పట్టి ఆపిండు, వాడు మిక్సరు పట్టుకొని ముందు నడిసిండు. "వానికి చెప్పు" అన్నడు, అంతే. ఆయనకు అన్ని తెలుసని అప్పుడు నాకు తెలిసింది. "చెప్త ఉస్తాద్" అన్న.

చెప్పలే. తమ్ముడు భూపాలపల్లికి మళ్ల పోలే, నా తోనే పనికి వచ్చిండు. అవ్వ మాట్లాడింది. అంత మంచిగైంది గద, ఇప్పుడు కెలుకుడు ఎందుకనుకున్న. వాని పెండ్లి అయినంక చెప్త అనుకున్న. వానికి బిడ్డ పుట్టినంక చెప్త అనుకున్న. ఆరేండ్లైంది. ఈ ఆరేండ్లల్ల నేను ఎప్పుడు జనగామ పోయినా, ఆంప్లిఫయర్ కాలిపోయి పోయినా, ఉత్తగ చూసి వద్దామని పోయినా, స్టూలు జరపక ముందే ఆయన అడిగేది ఒక్కటే: "చెప్పినవా?" లేదంటే తిట్టేటోడు కాదు. "సరే, ఏమైందో చూపియ్యి" అని మిషన్ ముందటికి గుంజుకునేటోడు. ఒక్కసారన్న తిడితే నాకు తేలికగ అయ్యేది.

రెండు వారాల కింద దవాఖానకు పోయిన. ఆయాసం. ముక్కుకు గాలి పైపు. ఎడమ చెవు సుత అప్పటికి పోయింది, ఏం చెప్పినా ఇనపడదని ఆయన బిడ్డ అన్నది. మంచం పక్కన కూసున్న. ఆయన కండ్లు తెరిసి, నన్ను గుర్తుపట్టి, గదువ కొంచెం పైకి లేపిండు. ఏం అడుగుతున్నడో నాకు తెలుసు. లేదని తలకాయ ఊపిన. నా చెయ్యి మీద రెండుసార్లు తట్టిండు, కండ్లు మూసుకున్నడు. "ఈసారి తప్పకుండ" అన్న. ఆయనకు ఇనపడలే.

అదే బుధవారం పొద్దుమీకి మట్టి చిల్పూర్ దిక్కు వాళ్ల సొంతూర్ల చేసిండ్రు. పాస్టర్‌కు మైకు మేమిద్దరమే పెట్టినం. జనగామ డీజేలోళ్లు చానామంది వచ్చిండ్రు. పెండ్లిల్లల్ల ఒకని జాగ ఒకడు గుంజుకునేటోళ్లు, ఆడ చేతులు కట్టుకొని పక్కపక్కన నిలబడ్డరు. ఆయన బిడ్డ ఏడుసుకుంటనే అందరికి నీళ్లిచ్చింది. పెట్టె దించినంక తలా పిడికెడు మన్ను ఏసినం.

మట్టికి పోయొస్తే తానం చేయకుండ ఇంట్లకు పోం. తొవ్వల ఒక పత్తి చేను పక్కన బోరింగు కనపడితే బండి ఆపినం. తమ్ముడు బోరింగు కొడుతుంటే నేను కింద తలకాయ పెట్టిన. నీళ్ల కింద మొకం కనపడదు గాబట్టి నోరు వచ్చిందేమో.

"నూనె నేనే పోసినరా" అన్న. "కుంకుమ సుత నేనే దట్టిచ్చిన. ఉస్తాద్ అడిగితే నీ పేరు చెప్పిన. నువ్వు తాగలేదని తెలిసే బయ్యారంల కొట్టిన. తప్పు నాది."

బోరింగు ఆగింది. నేను లేసిన. వాడు బోరింగు పిడి పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

"తెలుసన్నా" అన్నడు.

"ఎప్పటిసంది?"

"నువ్వు చాయ్‌కి పోయినప్పటిసంది. ఉస్తాద్ పాత మీట చూపిచ్చి, ఇండ్ల నూనె నువ్వు పోసినవా బిడ్డా అని అడిగిండు. లేదన్న. 'అయితే మీ అన్న నీకొక మాట చెప్పేదుంది. నువ్వు అడగకు. అడిగితే వానికి చెప్పే పని లేకుండ పోతది' అన్నడు. అందుకే అడగలే."

ఆరేండ్లు వాడు నా పక్కన ఆ మాట కోసం కూసున్నడు. నేను బోరింగు గద్దె మీద కూసున్న.

"నేను ఎప్పుడు వోయినా నన్ను సుత అడిగేటోడు" అన్నడు తమ్ముడు. "'చెప్పిండా' అని. పోయిన ఆదివారం దవాఖానకు పోతే, మాట రాకున్నా, గదువ లేపి అడిగిండు."

"నువ్వేమన్నవ్?"

"చెప్పిండని తలకాయ ఊపిన. జర నవ్విండన్నా."

 నేను లేసి బోరింగు పిడి అందుకున్న. వాడు అంగి ఇప్పి గద్దె మీద పెట్టి, తలకాయ వంచి కూసున్నడు. వాని చేతుల మన్ను ఎర్రగ కరిగి పత్తి సాళ్లల్లకు పోయింది. నేను కొడుతనే ఉన్న. "ఇగ చాలన్నా" అని వాడు రెండుసార్లు అన్నడు. మూడోసారి అనలే.